నీళ్ళు కుదుటపడాలి

మాది భీమవరం. ఇక్కడ రొయ్య అంటే పెట్టుబడి, రొయ్య అంటే అప్పు, రొయ్య అంటే ఆదివారంనాటి వేపుడు. ఎకరాలకొద్దీ చెరువులు తవ్వి టన్నుల లెక్కన రొయ్యల్ని పెంచే ఈ వూళ్ళో, గాజుతొట్టిలో పది రొయ్యల్ని వేసుకుని కూచున్న మనిషిని చూసి లోకం నవ్వదా? నవ్వింది. మా ఆవిడయితే ఒక్క ముక్కలో తేల్చేసింది: "పోపుకైనా చాలవు."

ఇదెలా మొదలయిందో చెప్పాలంటే నా పరువు సంగతి కూడా చెప్పాలి. నేను కాలేజీలో తెలుగు చెబుతాను. ఇరవై ఏళ్ళనుంచి పరాయివాళ్ళ పిల్లలకి సంధులూ సమాసాలూ విడదీసి చూపిస్తున్నాను. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. అర్ధసంవత్సర పరీక్షలో వాడికి తెలుగులో నూటికి 31 మార్కులు వచ్చాయి. లెక్కల్లో తప్పినా భరించేవాణ్ణి. ఆ సమయానికి ఇంట్లో మా కాలేజీవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళ ఎదటే వాణ్ణి నోటికొచ్చినట్టు అన్నాను. మంచి తెలుగులోనే అన్నాను. వాడు మార్కుల కాగితం మడిచి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆనాటినుంచి నాతో మాట్లాడ్డం మానేశాడు. ఏమడిగినా "ఊఁ", లేకపోతే "ఉహూఁ". ఇంత తెలుగులోనూ వాడు నాకు మిగిల్చినవి ఆ రెండే.

లంచం అనుకోండి, ప్రాయశ్చిత్తం అనుకోండి, నెల తిరక్కుండా ఒక అక్వేరియం కొని తెచ్చాను. మూరెడు కంటె తక్కువే: 45 సెంటీమీటర్ల పొడుగు, 30 వెడల్పు, 30 ఎత్తు. నిండితే 40 లీటర్లు, అంటే నీళ్ళే 40 కిలోలు. నా పుస్తకాల బల్ల ఖాళీ చేయించి దానిమీద పెట్టాం. ఇసుక పరిచాం, కుళాయినీళ్ళు నింపాం, కొట్లో ఇచ్చిన పన్నెండు గప్పీ చేపల్ని ఆ సాయంత్రమే వదిలేశాం. మా వాడు దాని ముందునుంచి కదల్లేదు. నా పథకం పారిందనుకున్నాను.

నాలుగోనాటి పొద్దుటికి తొమ్మిది చేపలు పైకి తేలాయి. మర్నాటికి మిగతా మూడూ పోయాయి. మా వాడు వాటిని పెరట్లో జామచెట్టు కింద పూడ్చి వచ్చి, చాలా రోజుల తరవాత నాతో ఒక పూర్తి వాక్యం మాట్లాడాడు.

"తొందరపడ్డారు నాన్నా."

చేపల గురించే అన్నాడని నమ్మడానికి ప్రయత్నించాను.

ఎదురింటి రాజుగారికి నలభై ఎకరాల చెరువులున్నాయి. ఆయన వచ్చి తొట్టికేసి చూసి తల పంకించారు. "ఏవండీ మాస్టారూ, నీళ్ళు కుదుటపడకుండా పిల్లనెలా దింపారండీ? మేం రొయ్యని పెంచం. నీటిని పెంచుతాం. నీరు బాగుంటే రొయ్య దానంతటదే పెరుగుద్ది."

అప్పుడు తెలిసింది నా ఘనకార్యం. కుళాయినీళ్ళలో క్లోరిన్ వుంటుంది. అది మనకి మేలు, చేప మొప్పలకి కీడు. ఆ నీళ్ళని ఒకరోజు గాలి ఆడనిస్తే క్లోరిన్ పోతుంది. అంతకంటె పెద్ద శత్రువు అమ్మోనియా. చేప విసర్జించేదీ, తినగా మిగిలి కుళ్ళేదీ అంతా అమ్మోనియా అవుతుంది. నీళ్ళలో వుండే ఒక జాతి సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. ఇంకొక జాతి ఆ నైట్రైటుని నైట్రేటుగా మారుస్తుంది. అది కొద్దిగా వుంటే ప్రమాదం లేదు, మొక్కలు తాగేస్తాయి. ఈ రెండు జాతులూ ఇసుకలోనూ ఫిల్టరు స్పాంజిలోనూ కాపురం పెట్టి పిల్లాపాపలతో వర్ధిల్లడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొన్న పూటే జరిగే పని కాదు.

సరే, మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి చేపలు లేవు. ఇసుక, గడ్డిపరకల్లాటి ఆకులున్న వాలిస్నేరియా మొక్కలు నాలుగు, కాస్త నాచు, బుడగలు వదిలే స్పాంజి ఫిల్టరు. ఆ సూక్ష్మజీవులకి ఆహారం కావాలి గనక రోజూ చిటికెడు చేపల మేత నీళ్ళలో వేసేవాణ్ణి. మా ఆవిడ నాలుగురోజులు చూసి, "పోయినవాటికి పిండాలు పెడుతున్నారా?" అంది.

మందుచుక్కలు వేసి నీళ్ళు పరీక్షించే పని మా వాడు తీసుకున్నాడు. ఒక నోటుపుస్తకం పెట్టి రోజూ రాసేవాడు. మొదట్లో ఒక్క లైను. "ఈ రోజు నీల్లు మురికిగా వున్నయి." నా చేతిలో ఎర్ర కలం వుంది. రెండు తప్పులు. ఇరవై ఏళ్ళ అలవాటు. మూత తీశాను. జామచెట్టు గుర్తొచ్చింది. మూత పెట్టేశాను.

ఆ ఖాళీ తొట్టి ముందు కూచుని చదివిన వాటిల్లో రాబర్ట్ వారింగ్టన్ కథ ఒకటి. ఆయన లండన్‌లో రసాయన శాస్త్రజ్ఞుడు. 1849లో ఆయన గాజుపాత్రలో రెండు బంగారుచేపలూ వాలిస్నేరియా మొక్కా వేశాడు. ఆకులు కుళ్ళి నీళ్ళు చెడిపోసాగాయి. ఆయన పారబొయ్యలేదు. చెరువు నత్తల్ని తెచ్చి వదిలాడు. అవి కుళ్ళిన ఆకుల్ని తినేశాయి, నీళ్ళు తేటపడ్డాయి. 1850లో ఆ సంగతి అక్కడి కెమికల్ సొసైటీకి తెలియజేశాడు. అంతటివాడే ఆగి చూశాడు గదా అని నేనూ ఆగాను.

ముప్ఫై ఏడో రోజున అమ్మోనియా సున్న, నైట్రైటు సున్న. మా బావమరిది హైదరాబాదునుంచి పది ఎర్ర రొయ్యల్ని సంచిలో నీళ్ళతో సహా తెచ్చాడు. చెర్రీ రొయ్యలంటారు. పెరిగినా చిన్నగానే వుంటాయి. అసలు రంగు మట్టిరంగే, ఏరి ఏరి పెంచి ఈ ఎరుపు తెప్పించారు. సెలైను గొట్టంతో చుక్కచుక్కగా మా నీళ్ళు వాటికి అలవాటుచేసి, రెండు గంటల తరవాత తొట్టిలోకి వదిలాం. మా ఆవిడ ముచ్చటపడి రాగిచెంబుతో నీళ్ళు పొయ్యబోతే మా వాడు ఎగిరి చెంబు పట్టుకున్నాడు. రాగి రొయ్యలకి విషం. "అమ్మా, ఆగు" అన్నాడు. ఆ ఇంట్లో ఆగమని చెప్పగలవాడు వాడొక్కడే అయ్యాడు.

వారం తిరిగాక ఒకనాడు పొద్దున్న ఇసుకమీద కదలకుండా ఒకటి పడివుంది. నా గుండె జారింది. గరిటతో తీసి పారేయబోయాను. "చావలేదు నాన్నా. పెంకు విడిచింది. ఎదగాలంటే విడవాలి. ఇప్పుడు ఒళ్ళు మెత్తగా వుంటుందని ఎక్కడో దాక్కుంది. గట్టిపడ్డాక అదే వస్తుంది. దాని జోలికి వెళ్ళకండి."

నేను దాని జోలికి వెళ్ళలేదు. వాడి జోలికీ వెళ్ళలేదు.

ఇప్పుడు నోటుపుస్తకంలో రోజుకొక పేజీ నిండుతోంది. వారానికోసారి పావువంతు నీళ్ళు మార్చడం, ఉడికించిన బచ్చలాకు మీద రొయ్యలన్నీ చేరి విందుచెయ్యడం, అన్నీ రాస్తున్నాడు. తప్పులు వున్నాయి. కాని రాతలో వూపిరి వుంది. ఒక రొయ్య పొట్టకింద గుడ్లు మోస్తోంది. ఇరవైకి పైనే వుంటాయి. పొదిగేసరికి మూడు నాలుగు వారాలు. నిన్న రాత్రి భూతద్దం పెట్టి చూసి వాడు రాసిన వాక్యం ఇది: "గుడ్లలో నల్లగా కల్లు కనపడుతున్నాయి."

గుడ్లలో కల్లు! తాటిచెట్టు ఎక్కకుండానే! నవ్వు ఆపుకోడానికి నేను పడ్డ పాట్లు ఆ పరమాత్ముడికే తెలియాలి. పుస్తకం మూసి బల్లమీద పెట్టేశాను.

ఇవాళ పొద్దున్న వాడే పుస్తకం పట్టుకుని నా కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"నాన్నా, కంటికి బహువచనం ఏ 'ళ'?"

చెప్పాను. ఒక్క అక్షరమే చెప్పి వూరుకున్నాను.