అమ్మానాన్నల చేత బరువులు ఎత్తించండి

సింగపూర్‌లో పెద్దవాళ్ల కోసమే 'జిమ్ టానిక్' అని వ్యాయామశాలలున్నాయి. వీటిని 2015లో లియెన్ ఫౌండేషన్ అనే సంస్థ మొదలుపెట్టింది. వాటిలో ఉన్నవి ఫిన్లాండ్ యంత్రాలు. ఇనుప పలకలుండవు, గాలి పీడనంతో నడుస్తాయి, అందుకే బరువు కొంచెం కొంచెంగా పెంచుకోవచ్చు. ఎవరికి ఎంత బరువో యంత్రమే గుర్తుపెట్టుకుంటుంది. నాకు ఈ ఆలోచన ఎంత నచ్చిందో చెప్పలేను! ఒకరి సాయం లేకుండా స్నానానికి వెళ్లడం, బస్సెక్కడం, పీట మీద కూర్చుని పూజ చేసుకుని లేవడం... అన్నీ తొడల్లో బలం ఉంటేనే కదా.

మనమేమో "నువ్వు కూర్చో అమ్మా, నేను తెస్తా" అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ కూర్చోబెట్టిన కొద్దీ కాళ్లు సన్నబడతాయి. పొద్దుటి నడక మంచిదే, అదొక్కటే చాలదు.

1990లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, వృద్ధాశ్రమంలో ఉండే తొంభై ఏళ్లవాళ్ల చేత 8 వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో!

మీ దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల్ని మనవల కాపలాకే పరిమితం చేయకండి. డాక్టర్ని ఒకమాట అడిగి, గట్టి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి మళ్లీ కూర్చోవడంతో ఈ వారమే మొదలుపెట్టించండి. పక్కన మీరూ చేయండి.