ప్రేమకి రూలేంటండీ?

"ఇద్దరూ మేజర్లే, మధ్యలో యూనివర్సిటీకేం పని?" అని మొన్న లంచ్‌లో మా టీమ్‌మేట్ వాదన. వినడానికి బాగానే ఉంది. కానీ అమెరికాలో రీసెర్చి చేసినవాళ్ళకి తెలుసు... ఫండింగ్, థీసిస్ మీద సంతకం, రికమెండేషన్ లెటర్ అన్నీ ఒక్క ప్రొఫెసర్ చేతిలోనే. ఎఫ్-1 వీసా మీదున్న అమ్మాయి ఆయనకి "వద్దు" అని చెప్పగలదా? "సరే" అన్నా, అది ఇష్టమో భయమో ఎవరు తేలుస్తారు?

అందుకే అండర్‌గ్రాడ్ విద్యార్థులతో అధ్యాపకుల సంబంధాల్ని యేల్ 2010లో, హార్వర్డ్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ విభాగం 2015లో పూర్తిగా నిషేధించాయి. ఆఫీసులో మేనేజర్‌తో ప్రేమలో పడితే హెచ్చార్‌కి చెప్పి టీమ్ మారొచ్చు. పీహెచ్‌డీ మధ్యలో గైడ్‌ని మార్చాలంటే ఏళ్ళ కష్టం గంగలో కలిసినట్టే.

నిజమైన ప్రేమైతే పట్టా చేతికొచ్చేదాకా ఆగలేదా? నా ఓటు మాత్రం రూలుకే. మరి మీరేమంటారు?