మనవల కోసం రెండో పడగ్గది

హైదరాబాద్ శివార్లలో సీనియర్ లివింగ్ ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పుడు అగ్రిమెంటులో నేను ముందు వెతికింది ధర కాదు, అతిథుల నిబంధన. మనవలు సెలవులకొస్తే ఎన్నాళ్లు ఉండనిస్తారు, భోజనానికి ఎంత వేస్తారు? ఒకచోట పక్షం రోజులు దాటితే కుదరదన్నారు. ఫిజియోథెరపీ గది, పిలిస్తే పలికే నర్సు, అన్నీ బాగున్నాయి. అయినా వద్దనుకుని వచ్చేశాం.

తర్వాతి ప్రశ్న, కొనాలా, లీజుకు తీసుకోవాలా అని. ఇలాంటి చాలా ప్రాజెక్టుల్లో ఫ్లాట్ మన పేర రిజిస్టరైనా, కాపురం ఉండాలంటే యాభై అయిదో అరవయ్యో నిండాలి. అంటే మా తర్వాత అది పిల్లలకు దక్కుతుంది గానీ వాళ్లు అందులో ఉండలేరు. అమ్ముదామంటే ఆ వయసువాళ్ల కోసం కొనేవాళ్లే దొరకాలి. డాలస్‌లో అబ్బాయి, పుణెలో అమ్మాయి, ఆ బేరం కోసం ఎక్కడ తిరుగుతారు? అందుకే డిపాజిట్ కట్టి లీజుకు తీసుకున్నాం. రెండు పడగ్గదులకు డిపాజిట్ ఎక్కువే అయింది. ఆ ఎక్కువ కట్టినందుకు నాకు ఇప్పటికీ సంతోషమే.

అంతకుముందు మేమున్న తెనాలి ఇల్లు అమ్మలేదు. మావారి రిటైర్మెంటు డబ్బులో 30 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ స్కీములో వేశాం. 2023 ఏప్రిల్లో పరిమితిని 15 లక్షల నుంచి రెట్టింపు చేయడం మాకు కలిసొచ్చింది. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 61,500 రూపాయలు వస్తుంది. ఇక్కడి మెయింటెనెన్సు దాంతో గడుస్తుంది, భోజనాలకు పెన్షన్ ఉంది. అయితే మెయింటెనెన్సు ఏటా పెరుగుతుంది, ఆ వడ్డీ మాత్రం అయిదేళ్లూ అంతే. ఆ తేడాకి తెనాలి ఇంటి అద్దె విడిగా దాస్తున్నాం.

“అమ్మా, మిమ్మల్ని ఆశ్రమంలో పెట్టామంటారు” అన్నాడు మావాడు, గొంతు పూడుకుపోయి. తెనాలిలో ఉండగా వాడి ఫోనంతా మోటారు కాలిందా, నాన్న మాత్రలు ఎవరు తెచ్చారు, వంటమనిషి వచ్చిందా అనే. ఇప్పుడు ఆ గొడవలేవీ లేవు. ఆదివారం పొద్దున మనవరాలు ఫోనులో తాతకి లెక్కలు చూపిస్తుంది. ఆయన పలక పట్టుకుని కూర్చుంటారు.

ఇక్కడ పిల్లల అల్లరి వినపడదు. సాయంత్రం నడకకొస్తే అందరూ మా ఈడువాళ్లే. అది నాకు పెద్ద లోటే, అందుకే ఆ రెండో గది.

ఇల్లు ముందే పిల్లల పేర రాసిచ్చేసిన పెద్దలనూ చూశాను. చూసుకుంటామన్న షరతు తప్పితే ఆ దానపత్రాన్ని రద్దు చేయించే వీలు 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో ఉంది. కానీ ట్రిబ్యునల్ దాకా వెళ్లాక కొడుకు మళ్లీ పండక్కి వస్తాడా? మేం వీలునామా రాశాం, డిపాజిట్‌కి ఇద్దరినీ నామినీలుగా పెట్టి కాగితాలు ఇద్దరికీ ఒకేసారి పంపాం.

సెలవుల్లో పిల్లల భోజనం కూపన్లకు డబ్బు తాను కడతానంటుంది అమ్మాయి. కట్టనివ్వను. దానికి మా ఖర్చుల పుస్తకంలో వేరే పద్దు ఉంది.