థర్మామీటరు మారిస్తే జ్వరం తగ్గుతుందా?

విజయవాడ ఆటోనగర్‌లో పొద్దున్నే సుత్తి దెబ్బలు మొదలవుతాయి. బాడీ కట్టే షెడ్లు, కమాను పట్టీలు సాగగొట్టే కొలుములు, టైర్ల కొట్లు... వాటి మధ్య ఓ రేకుల షెడ్డు. అందులో మేస్త్రికి యాభై ఎనిమిదేళ్లు. పన్నెండో ఏట పానాలు అందించే కుర్రాడిగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. లారీ సందు మలుపులో ఉండగానే చప్పుడు విని ఫలానా ఇంజెక్టరు పోయిందని చెప్పేస్తాడని పేరు. నల్లపొగ వస్తే డీజిల్ ఎక్కువ పడుతున్నట్టు, నీలంపొగ వస్తే ఇంజనాయిల్ మండుతున్నట్టు. ఆయనకు బడి చదువు లేదు. పొగే పుస్తకం.

2020 ఏప్రిల్ 1న ఆ పుస్తకంలో అక్షరాలు చెరిగిపోయాయి. దేశమంతా బీఎస్ 6 నిబంధనలు వచ్చాయి. కొత్త లారీల సైలెన్సర్లలోంచి పొగ కనిపించడం మానేసింది. దాని బదులు డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ లైటొకటి వెలగడం మొదలైంది. ఆ లైటు భాష చదవాలంటే స్కానరు కావాలి, ల్యాప్‌టాప్ కావాలి. ఆ పని ఐటీఐ చదివిన కొడుక్కి అప్పగించి, మేస్త్రి ఓ అడుగు వెనక్కి తగ్గాడు. ఇష్టంతో తగ్గింది కాదది.

రెండు మార్చినా అదే లైటు

ఓ రోజు మధ్యాహ్నం ఆ షెడ్డు ముందు ఓ లారీ ఆగింది. యజమానీ డ్రైవరూ ఒక్కడే. గుంటూరు నుంచి మిర్చి లోడుతో నాగపూర్ వెళ్తుంటే, నిర్మల్ దాటాక ఎక్కుడులో బండి చతికిలబడిందట. ఎంత తొక్కినా లాగదు. లైటు వెలిగాక కూడా మరమ్మతు చేయించకపోతే ఇంజను బలాన్ని కంప్యూటరే తగ్గించేస్తుంది. బీఎస్ 6 బండ్లలో అదో కట్టడి.

దారిలో ఒకచోట చూపిస్తే సెన్సర్ పోయిందన్నారు, మార్చారు. లైటు ఆరింది. మూడు వందల కిలోమీటర్లు వచ్చేసరికి మళ్లీ వెలిగింది. హైదరాబాద్‌లో ఇంకోచోట రెండో సెన్సర్ కూడా మార్చారు. మళ్లీ అదే కథ. రెండింటికీ కలిపి ఆ నెల కిస్తీ డబ్బులు హరించుకుపోయాయి.

"బాబాయ్, ఈసారి కూడా సెన్సరే అంటే బండి ఫైనాన్సు వాళ్లకి అప్పజెప్పి ఇంటికెళ్లిపోతా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ కళ్లల్లో నవ్వు లేదు.

కొడుకు స్కానరు తగిలించాడు. నాక్స్ అనుకున్నంత తగ్గడం లేదని చెప్పే కోడ్ వచ్చింది. "నాన్నా, ఇది సెన్సర్ చెడిపోయిందని చెప్పే కోడ్ కాదు" అన్నాడు. మేస్త్రి తలెత్తి చూశాడు. "అంటే, జ్వరం ఉందని థర్మామీటరు చెబితే, వాళ్లు రెండుసార్లు థర్మామీటరు మార్చారన్నమాట!"

ఇంజనులో మంట వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. అదే నాక్స్. సైలెన్సర్‌లోంచి వచ్చేటప్పుడు దాదాపు కంటికి కనిపించదు గానీ ఊపిరితిత్తులకు చేటు. దాన్ని విరిచేయడానికి పొగగొట్టంలోకి యూరియా ద్రావణం చిమ్ముతారు. వేడికి అది అమ్మోనియాగా మారి, తర్వాతి గదిలో నాక్స్‌ను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. ఆ గదికి ముందొక సెన్సర్, వెనకొకటి. ముందుది ఎంత వస్తోందో చెబుతుంది, వెనకది ఎంత మిగిలిందో చెబుతుంది.

ఆ సెన్సర్ కొసన జిర్కోనియా అనే పింగాణీ ముక్క ఉంటుంది. పనిచేసేటప్పుడు అది ఎనిమిది వందల డిగ్రీల దాకా కాగుతుంది. వేడెక్కిన లాంతరు చిమ్నీ మీద నీటిచుక్క పడితే ఏమవుతుందో తెలుసుగా! ఇదీ అంతే, పగులుతుంది. అందుకే గొట్టంలో తడి ఆరేదాకా అది కొలవడం మొదలుపెట్టదు. ఈ సంగతి తెలియక, బండి స్టార్ట్ చేయగానే అంకె రాలేదని మంచి సెన్సర్‌ను పీకి పారేసేవాళ్లున్నారు.

ఏం పోశావు?

తండ్రీకొడుకులు చెరో పక్క నుంచి మొదలుపెట్టారు. తండ్రి బండి కిందికి దూరాడు. సెన్సర్ వైర్లు ఛాసిస్‌కు రాసుకుని ఒరిసిపోయాయేమో చూశాడు. కనెక్టర్లలో పచ్చతుప్పు లేదు. పొగగొట్టం అతుకుల దగ్గర మసి చారలు వెతికాడు. అక్కడ లీకుంటే బయటిగాలి కలిసి లెక్క తప్పుతుంది. ఎక్కడా లేవు.

తర్వాత బందరు రోడ్డు మీద కంకిపాడు దాకా తీసుకెళ్లారు. పక్కసీట్లో కొడుకు ల్యాప్‌టాప్ పట్టుకున్నాడు. బండి వేడెక్కాక ముందు సెన్సర్ ఆరు వందలు చూపిస్తే, వెనకది ఐదు వందల పైన చూపించింది. రెండో అంకె బాగా పడిపోవాలి, పడలేదు. అప్పుడు కొడుకు "కాలు తీసెయ్ అన్నా" అన్నాడు డ్రైవరుతో. గేరులోనే బండి దొర్లుతుంటే ఇంజనులోకి డీజిల్ పడదు. డీజిల్ లేకపోతే నాక్స్ పుట్టదు. రెండు అంకెలూ జారి సున్నా దగ్గరకొచ్చాయి. మళ్లీ తొక్కగానే పైకి లేచాయి.

రెండు సెన్సర్లూ బాగున్నాయి. నిజమే చెబుతున్నాయి.

షెడ్డుకొచ్చాక మేస్త్రి యూరియా ట్యాంకు మూత తీశాడు. అసలు ద్రావణం నీళ్లలా తేటగా ఉండాలి. ఇది కాస్త మసకగా ఉంది. పైన సన్నటి జిడ్డు తెట్టు. కొడుకు రిఫ్రాక్టోమీటర్ గాజు మీద ఓ చుక్క వేసి వెలుతురుకు పెట్టి చూశాడు. యూరియా 32.5 శాతం ఉండాలి, అంత లేదు.

"అబ్బాయ్, ఇందులో ఏం పోశావు?"

డ్రైవరు మాట్లాడలేదు. కాసేపటికి నెమ్మదిగా చెప్పాడు. "పొలానికి తెచ్చిన బస్తా ఇంట్లో ఉంది బాబాయ్. అదీ యూరియానే గదా అని బోరు నీళ్లలో కలిపి పోశా. మావాళ్లంతా పోస్తున్నారు."

పొలానికిచ్చే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. బోరు నీళ్లలో సున్నం, లవణాలు. బండికి కావలసింది స్వచ్ఛమైన యూరియా, లవణాలు తీసేసిన నీళ్లు. పైగా రైతుకు సబ్సిడీ మీద ఇచ్చే యూరియాను ఇలా వాడటం నేరం కూడా. ఇంజెక్టరు విప్పితే మూతి చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు గట్టిపడి ఉంది. చిమ్మాల్సినది కారుతోంది.

"మరి ముందు రెండుచోట్లా చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు బాబాయ్."

డ్రైవరు ఇంకో మాట కూడా అడిగాడు. ఓ చిన్న డబ్బా దొరుకుతుందట, తగిలిస్తే అంతా బాగానే ఉందని కంప్యూటర్‌కు చెబుతుందట, ఇక యూరియానే అక్కర్లేదట. కొడుకు తండ్రి వైపు చూశాడు.

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "ఒకప్పుడు పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం నేనూ పంపు స్క్రూ బిగించి పంపేవాణ్ని. పరీక్ష అయ్యాక మళ్లీ వదులు చేసేవాణ్ని. తప్పే. కాకపోతే అప్పుడు పొగ కనపడేది, జనం ముక్కు మూసుకుని పక్కకి తప్పుకునేవాళ్లు. ఇది కనపడదు గదయ్యా. ఎవడు తప్పుకుంటాడు? ఆ డబ్బా మన షెడ్డులోకి రాదు."

ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, లవణాలు లేని నీళ్లతో కడిగారు. ఫిల్టరు మార్చారు. ఇంజెక్టరును వేడినీళ్లలో నానబెడితే తెల్లపెచ్చు కరిగిపోయింది. సీలున్న డబ్బాలోంచి సరైన ద్రావణం పోసి, కొలగ్లాసులోకి చిమ్మించి చూశారు. సమంగా పడింది. సాయంత్రం మళ్లీ కంకిపాడు దాకా వెళ్లారు. కాసేపటికి వెనక సెన్సర్ అంకె దిగడం మొదలైంది. నాలుగు వందలు, రెండు వందలు... యాభై లోపుకొచ్చి నిలబడింది. లోపలి గది పాడైపోయి ఉంటే దెబ్బ లక్షల్లో ఉండేది. ఈసారికి గండం తప్పింది.

బిల్లు చూసి డ్రైవరు కాగితం తిరగేశాడు, వెనకాల ఇంకేమైనా ఉందేమోనని. లేదు. మార్చిన ఒక్క సెన్సర్ కంటే చాలా తక్కువ.

ఇప్పుడు ఆ షెడ్డులో బండి వివరాలు రాసుకునే పుస్తకంలో నంబరు, కిలోమీటర్ల పక్కన కొత్తగా ఓ గడి ఉంది: 'ఏం పోశారు?' కొడుకు ల్యాప్‌టాప్ తెరిచేలోపు తండ్రి ట్యాంకు మూత తీసి చూస్తాడు. అంకెలు పరిగెడుతుంటే కళ్లజోడు పెట్టుకుని కొడుకు భుజం మీదుగా వంగుతాడు.

డ్రైవరు ఇంట్లో మిగిలిన బస్తా వరి చేలోకి వెళ్లింది. అది వెళ్లాల్సింది అక్కడికే.