మా ఎస్టీమ్‌కు అప్పగింతలు

"అమ్మొద్దు. ఎవరికైనా పనికొచ్చేవాళ్ళకి ఇచ్చేద్దాం."

మా అత్తగారు ఆ మాట అన్నాక ఇంట్లో ఇంకెవరూ నోరు మెదపలేదు. మాట కారు గురించి. 2007లో మామగారు ముచ్చటపడి కొన్న తెల్ల మారుతీ ఎస్టీమ్ అది. పిల్లల పెళ్ళిళ్ళు, తిరుపతి ప్రయాణాలు, చివరి రోజుల్లో వారానికి రెండుసార్లు మామగారి డయాలసిస్... అన్నీ ఆ బండిలోనే. ఆయన పోయాక ఏడాదిన్నరగా గేటు పక్కన కవరు కప్పుకుని కూర్చుంది. పాత బండ్లు కొనేవాడొకడు వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి, ముప్పై అయిదు వేలన్నాడు.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఫోన్లో, "ఇక్కడ పాత కార్లు సేవాసంస్థలకు ఇచ్చేస్తారమ్మా. వాళ్ళు వాటిని చాలావరకు వేలంలో అమ్మి, ఆ డబ్బు వాడుకుంటారు" అన్నాడు. అత్తగారికి వేలం మాట నచ్చలేదు. "ఆయన ఎక్కిన బండి. ఇంకో ముసలాయన్ని ఆస్పత్రికి తీసుకుపోతే చాలు నాకు" అన్నారు.

అత్తగారి పుట్టిల్లు కుప్పం పక్క పల్లె. ఆ దగ్గర్లో ఓ చిన్న వృద్ధాశ్రమం ఉంది. రాత్రిపూట ఎవరికైనా ఆయాసం వస్తే ఆటో కోసం పరుగులెత్తాలట. ఇంకేం, ఆలోచన కుదిరింది.

ఇచ్చేద్దాం అనడానికి ఒక్క నిమిషం. కాగితాలకు రెండు నెలలు! బండి మామగారి పేరున ఉంది కదా, ముందు అత్తగారి పేరుకు మారాలి. ఫారం 31 మీద సంతకం పెట్టేటప్పుడు ఆవిడ చెయ్యి వణికింది. "ఆయన పేరు కొట్టేస్తా ఉండారా?" అని అడిగారు. మావారు తల వంచుకున్నారు. నేనే, "పేరు మారినా బండి ఆయనదే కదా అత్తమ్మా" అన్నాను.

బయల్దేరిన రోజు తెల్లవారకముందే లేచి చిత్రాన్నం కలిపాను. పెరుగన్నం, చెనిక్కాయల పొడి, నాలుగు అరటిపళ్ళు. అత్తగారు ఎప్పటిలాగే వెనక సీట్లో ఎడమవైపు కూర్చున్నారు. ముందు సీటు మామగారిది. నేనూ వెనకే కూర్చున్నాను.

మా మదనపల్లె మీకు తెలిసే ఉంటుంది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి బిసెంట్ థియసాఫికల్ కాలేజీలో ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు. మా ఊళ్ళో ఆరోగ్యవరం కూడా ఉంది. క్షయకు మందులు లేని కాలంలో, 1912లో, చాలా మిషన్లు కలిసి పెట్టిన శానటోరియం అది. రోగమంటే ఊరంతా దూరం జరిగే రోజుల్లో ఎక్కడెక్కడి వాళ్ళో ఇచ్చిన డబ్బుతో అది నిలబడింది. ఆ ఊరివాళ్ళం మనమొక కారు ఇవ్వలేమా అని నాలో నేను గొప్పపడుతూ కూర్చున్నాను. టమాటా బుట్టలతో మార్కెట్టుకు వెళ్ళే బండ్లు ఎదురొస్తున్నాయి.

ఆ గొప్ప పుంగనూరు దాకానే!

ఊళ్ళోకి వస్తూనే బ్రేకు తొక్కితే కీచుమని అరిచింది. బండి ఆగాల్సిన చోట ఆగకుండా రెండు గజాలు ముందుకుపోయింది. మా ఆడపడుచు ఇల్లు అక్కడే. గండం గడిచిందనుకుని కాఫీకి దిగాం. "ఊరికే ఇస్తున్నాంగా, రిపేర్లు వాళ్ళు చూసుకుంటార్లే" అన్నారు మావారు. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనిపించింది.

పక్కింటివాళ్ళకు పుంగనూరు ఆవుంది. మన నడుం దగ్గరకు వస్తుందంతే! మామూలు ఆవు పాలల్లో వెన్న మూడున్నర నాలుగు శాతం ఉంటే, దీని పాలల్లో ఎనిమిది దాకా ఉంటుందంటారు. మా ఆడపడుచు పెట్టిన కాఫీ ఆ పాలతోనే. మీగడ పెదవికి అంటుకుంది. అత్తగారు ఆ ఆవు గంగడోలు నిమురుతూ ఉండి ఉన్నట్టుండి అన్నారు:

"నచికేతుడి కథ తెలుసు గదా మే? వాళ్ళ నాయన యాగం చేసి వట్టిపోయిన ఆవుల్ని దానమిచ్చినాడంట. మేత మేయలేనివి, నీళ్ళు తాగలేనివి. అది చూసి ఆ పిల్లోడికి సిగ్గేసింది. ఇప్పుడు మనం ఇచ్చేది ఏ ఆవు?"

మావారు కాఫీ గ్లాసు కింద పెట్టి తాళాలు తీసుకుని మెకానిక్కు దగ్గరికి వెళ్ళిపోయారు.

బ్రేకులు, బ్యాటరీ, ముందు టైర్లు రెండు, ఆయిలు... పద్దెనిమిది వేల చిల్లర. ఇచ్చేసే బండికి ఇంత ఖర్చా అని నా గుండె కలుక్కుమంది. కొత్త గ్రైండరు కోసం దాచుకున్న చీటీ డబ్బు అందులో సగం. ఆ రాత్రి పుంగనూరులోనే పడుకున్నాం. ఇంట్లో పిల్లని పంపేటప్పుడు సారె పెట్టకుండా పంపుతామా అని సరిపెట్టుకున్నాను.

మర్నాడు బండి ఎంత హాయిగా సాగిందో! పలమనేరులో పుంగనూరు ఆవుల జాతిని కాపాడే పశు పరిశోధన కేంద్రం ఉంది. ఆ ఊరు దాటి వి.కోట దారి పట్టాం. కౌండిన్య అభయారణ్యం ఏనుగులు తిరిగే ప్రాంతం ఇది. రాత్రుళ్ళు పొలాల మీద పడితే రైతులకు కంటిమీద కునుకుండదు. ఓ చింతచెట్టు కింద ఆగి చిత్రాన్నం తిన్నాం.

కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. బస్టాండులో తెలుగు, తమిళం, కన్నడం కలగలిసి వినబడతాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ పెట్టడం ఎంత సరిపోయిందో! దగ్గర్లోనే అగస్త్య ఫౌండేషన్ వాళ్ళ క్యాంపస్ ఉంది. సైన్సు పరికరాలు వ్యానులో పెట్టుకుని పల్లె బడులకు వెళ్ళి పిల్లలకు ప్రయోగాలు చేసి చూపిస్తారు. బండి విలువ అది ఎక్కడికి వెళ్తుందన్న దాన్నిబట్టే కదా!

ఆశ్రమంలో మాకు మొదట కనిపించింది షెడ్డులో ఓ పాత వ్యాను. అందులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి! ఎవరో దాత ఇచ్చారట. కాగితాలు మాత్రం తర్వాత పంపుతామని పంపలేదు. కాగితాల్లేని బండిని రోడ్డెక్కించలేక వదిలేశారు. "ఇచ్చినాయన్ని మళ్ళీ అడగాలంటే మొహమాటం తల్లీ" అంది ఆశ్రమం చూసుకునే ఆవిడ.

మా కాగితాలన్నీ బల్లమీద పెట్టాం. ఆవిడ ఒక్కొక్కటే చదివి నిదానంగా అడిగింది. డ్రైవరు ఉన్నాడు, పెట్రోలు ఎలాగో పెట్టుకుంటాం, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉంది? నెలలో అయిపోతుంది. మావారు నా వైపు చూశారు. నేను తలూపాను. ఏడాది ఇన్సూరెన్సు కూడా మేమే కడతామన్నాం. సారె సారే మరి!

మేం ఉండగానే కంటి పరీక్షకు వెళ్ళాల్సిన ఒక పెద్దాయన్ని తీసుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టారు. అత్తగారు వెళ్ళి ఆయన వైపు తలుపు తనే వేసి, గట్టిగా పడిందో లేదో ఒకసారి లాగి చూశారు. మామగారికీ అలాగే చేసేవారు.

తిరుగు ప్రయాణం బస్సులో. అత్తగారు కిటికీ పక్కన కూర్చుని పలమనేరు దాటేదాకా మాట్లాడలేదు. ఆ తర్వాత మెల్లిగా నా మోచెయ్యి తట్టి, "మే, చిత్రాన్నం ఏమన్నా మిగిలిందా?" అన్నారు.

మీరూ కారు ఇవ్వాలనుకుంటే...

* యజమాని చనిపోయి ఉంటే మూడు నెలల్లోగా ఫారం 31తో వారసుల పేరుకు మార్పించండి. ఆలస్యమైతే జరిమానా పడవచ్చు.

* ఇచ్చేటప్పుడు ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి, సంస్థ పేరుకు మారేదాకా వెంటపడండి. లేకపోతే రేపు ఏ ప్రమాదం జరిగినా నోటీసు మీ ఇంటికే వస్తుంది.

* ఇన్సూరెన్సు 14 రోజుల్లోగా వాళ్ళ పేరుకు మారాలి. మీ ఫాస్టాగ్ మూసేయండి.

* సొంత కార్లకు 15 ఏళ్ళు నిండాక రిజిస్ట్రేషన్ అయిదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. ఇంకా ఎంత గడువుందో ముందే చెప్పండి.

* ఆదాయపు పన్ను మినహాయింపు డబ్బుగా ఇచ్చిన విరాళాలకే. కారు ఇస్తే రాదు.

* బండి మరీ పాడైతే గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి, వచ్చిన డబ్బు దానం చేయండి. వట్టిపోయిన ఆవును ఇవ్వడంకన్నా అది మేలు.