అడగని మాట

2018 మాఘమాసంలో ఒక తెల్లవారుజామున విశాఖనుండి ఫోను వచ్చింది, పెద్దమావయ్య పోయాడని. అమ్మకు మిగిలిన ఒక్కగానొక్క తోబుట్టువు. సాయంత్రం దాకా ఉంచుతామన్నారు. ధర చూసుకోకుండా మధ్యాహ్నపు విమానానికి రెండు టిక్కెట్లు కొని శంషాబాదు చేరాం.

కౌంటరులోని అబ్బాయి కంప్యూటరు చూసి, "విమానం నిండిపోయిందండీ. రాత్రి విమానంలో పంపుతాం, ఇక్కడొక సంతకం చేయండి" అన్నాడు ఎంతో మర్యాదగా. ఆ కంగారులో నా కళ్ళు అక్షరాల మీద నిలవలేదు. చేసేశాను.

మేము చేరేసరికి శ్మశానానికి వెళ్ళినవారు తిరిగివచ్చి, స్నానాలు కూడా ముగించారు. అమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. అన్నగారు పడుకున్న చోట వెలిగించిన దీపం దగ్గర అలాగే కూర్చుండిపోయింది.

పన్నెండో రోజు వెళ్ళాక, డీజీసీఏ వారి నియమాలు మొదటిసారి చదివాను. కొందరు ఎలాగూ రారన్న లెక్కతో, ఉన్న సీట్లకంటే ఎక్కువ టిక్కెట్లు అమ్మడం విమానసంస్థలకు అలవాటే. అందరూ వచ్చినప్పుడు ఏం చేయాలో 2010 నాటి నియమంలో ఉంది. ఏదో ఒక ప్రతిఫలం ఇచ్చి, సీటు వదులుకోవడానికి ఇష్టపడేవారు ఉన్నారేమోనని ముందు ప్రయాణికులను అడగాలి. ఆ తరువాతే ఎవరినైనా ఆపాలి. 2016లో పరిహారం పెంచారు. గంటలోపు బయలుదేరే మరో విమానం చూపలేకపోతే, 24 గంటలలోపు పంపినా, మూల ఛార్జీకి ఇంధన ఛార్జీ కలిపి దానికి రెండింతలు, పదివేల రూపాయలకు మించకుండా ఇవ్వాలి. అంతకంటే ఆలస్యమైతే నాలుగింతలు, ఇరవైవేల దాకా.

నేను సంతకం చేసిన కాగితంలో ఏముందో అప్పుడు తీసి చదివాను. మేమిద్దరం మా ఇష్టపూర్వకంగా సీట్లు వదులుకున్నామట!

డబ్బు సంగతి నాకు పట్టలేదు. "ముందు అందరినీ అడగండి" అన్న ఒక్క మాట తెలిసి ఉంటే చాలునే అనిపించింది. ఆ మాట కౌంటరులోని అబ్బాయికి తెలియదనుకోను. తన మజ్జిగ పులిసిందని అమ్మే మనిషి చెబుతుందా? మనమే ఇంకెక్కడైనా తెలుసుకోవాలి. ఏ సంస్థ ఎన్ని విమానాలు రద్దు చేసింది, ఎంతమందిని ఎక్కనివ్వలేదు, పదివేల మందికి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి అన్న పట్టికలను డీజీసీఏ నెలనెలా ప్రకటిస్తుంది. టిక్కెట్టు కొనేముందు ధరతో పాటు వాటినీ చూడడం నాకిప్పుడు అలవాటైంది. సంచిలో ఆ నియమాల ప్రతి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మీరూ ఒకటి దగ్గర పెట్టుకోండి.

ఒకనాడు ఆ కాగితాలేమిటని అమ్మ అడిగితే చదివి వినిపించాను. చాలాసేపు ఊరుకుని, "అడిగుంటే ఎవరో ఒకరు లేచేవారేరా. అన్న పోయాడంటే లేవరూ?" అంది.

అందులో నిష్ఠూరమేమీ లేదు. మనుషుల మీద నమ్మకమే ఉంది. నాకు మాత్రం తలెత్తడం కష్టమైంది.