ఆది ప్యాంటు

నా పిక్క చుట్టుకొలత 46 సెంటీమీటర్లు. ఈ సంగతి నాకు 51వ ఏట తెలిసింది. ఛాతీ, నడుము, చెయ్యి, మెడ... పదమూడో ఏట నుంచీ ఎవరో ఒకరు కొలుస్తూనే ఉన్నారు. పిక్కని మాత్రం ఎవరూ కొలవలేదు. చీర కింద దాగిపోయే చోటు, దాని జోలికి ఎవరొస్తారు? ఆ రోజు దుకాణంలో కుర్రాడు టేపు చుట్టి చూసి, నమ్మకం కుదరక మళ్ళీ చుట్టాడు. "లేడీస్‌లో 38 దాకానే వస్తాయి మేడమ్. వైడ్ అయితే 40. మీకు జెంట్స్‌లో చూడమంటారా?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదకే నాకు ఏడుపొచ్చింది.

నేను గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ చూపు ముందు నా ముఖం మీద, తర్వాత నా నడుం మీద, ఆ తర్వాత అక్కడ లేని గుర్రం మీద జాలిగా వాలుతుంది. "ఈ వయసులోనా?" అని కొందరు అడుగుతారు. "ఈ శరీరంతోనా?" అని ఎవరూ పైకి అడగరు. ఆ ప్రశ్న వినపడకుండా వినపడుతుంది.

నా చిన్నప్పుడు తెనాలిలో ఇంకా జట్కాలుండేవి. స్టేషను నుంచి మా ఇంటికి జట్కాలోనే వచ్చేవాళ్ళం. మా అమ్మ నాలాగే మనిషి. అమ్మ ఎక్కగానే బండి వెనక్కి ఒరిగేది. సాయిబు తాత వెనక్కి తిరక్కుండానే "మీరు కాస్త ముందుకి జరగండమ్మా, పాపని వెనక్కి పంపండి" అనేవాడు. జట్కాలో బరువు ముందూ వెనకా సమంగా ఉండాలి. ముందు ఎక్కువైతే గుర్రం వీపు మీద పడుతుంది, వెనక ఎక్కువైతే బండి కర్రలు పైకి లేచి పొట్ట కింద పటకా బిగుసుకుంటుంది. అమ్మ బరువు సాయిబు తాతకి సర్దుకోవాల్సిన విషయం, అంతే. అందులో వెక్కిరింపు లేదు, జాలి లేదు. అమ్మని దిగి నడవమని ఆయన ఒక్కనాడూ అనలేదు. పెద్దయ్యాక నా బరువు గురించి నాతో అలా మాట్లాడిన మనిషి కోసం చాలాకాలం వెతుక్కున్నాను. ఆ తాత పక్కన కూర్చుని పగ్గాలు పట్టుకున్న రెండు నిమిషాల సరదా కూడా మనసులో ఎక్కడో ఉండిపోయింది.

పిల్లాడి చదువు అయిపోయాక, అత్తగారి మంచం ఖాళీ అయ్యాక, ఒక ఆదివారం హైదరాబాద్ శివార్లలో ఉన్న స్వారీ పాఠశాలకి వెళ్ళాను. ముందు నా బరువు అడిగారు. చెప్పాను, 83. నాతోపాటే చేరడానికొచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఆయన్ని మాత్రం అడగలేదు. ఆయన పొట్ట ఆయన కంటే ముందే గుర్రాన్ని చేరుతుంది. (చూశారా, నాకు జరిగినదాన్నే నేను ఇంకొకరికి చేస్తున్నాను. ఈ అలవాటు అంత తొందరగా పోదు.)

అడగడం తప్పు కాదు. అడిగితే అందర్నీ అడగాలి. గుర్రానికి ఒక హద్దుంది. మనిషి, జీను, సామగ్రి అంతా కలిపి గుర్రం బరువులో ఐదో వంతు మించకూడదని వాడుకలో ఉన్న లెక్క. 2008లో అమెరికాలోని ఒహాయోలో పరిశోధకులు 8 గుర్రాల మీద, వాటి బరువులో 15 శాతం నుంచి 30 శాతం దాకా మోపి చూశారు. 25, 30 శాతం మోసినప్పుడు వాటి కండరాల్లో నొప్పి, బిగుసుకుపోవడం ఎక్కువ కనిపించాయి. ఐదో వంతు అన్నది దేవుడు రాసిన గీతేమీ కాదు. గుర్రం వయసు, వీపు, జీను కుదిరిన తీరు, పైన కూర్చున్నవాళ్ళు బస్తాలా కూర్చున్నారా లేక దాని నడకతో కదులుతున్నారా, ఇవన్నీ లెక్కలోకొస్తాయి. అయినా నా లెక్క నేను వేసుకున్నాను. బాద్షా పాత పందెపు గుర్రం, 480 కిలోలు. ఐదో వంతు 96. నేను 83, జీను 8, హెల్మెట్టు బూట్లు 3. మొత్తం 94. ఎక్కొచ్చు. రాణి 400 కిలోలే. రాణిని నేను ఎక్కను. దానికి బెల్లం ముక్క పెట్టి, మెడ నిమిరి వచ్చేస్తాను. నాకు అందులో అవమానమేమీ కనిపించలేదు. అది దాని వీపు.

అవమానం గుర్రం దగ్గర కాదు, బట్టల దగ్గర మొదలైంది.

మొదటి నాలుగు వారాలు సల్వార్ కమీజ్‌తో వెళ్ళాను. చున్నీ మొదటిరోజే తీయించారు, ఎక్కడైనా చిక్కుకుంటే మెడకి ఉరే. కమీజ్ అంచు నా కిందే నలిగి నన్ను వెనక్కి లాగేది. సల్వార్ మోకాళ్ళదాకా ఎగబాకి, రికాబు వేలాడే తోలు పట్టీ కాలి చర్మాన్ని మెలిపెట్టేది. ఇంటికొచ్చి చూసుకుంటే పిక్కల నిండా నల్లటి మచ్చలు. లెగ్గింగ్స్ వేసుకుంటే అడుగు నిలవక జారిపోయేదాన్ని. జీన్స్‌కి తొడల లోపలివైపు ఉండే లావుపాటి కుట్టు చర్మాన్ని ఒరిపి ఒరిపి పచ్చిపుండు చేసింది. సన్నటి ఆడవాళ్ళకి తొడల మధ్య కాస్త సందుంటుందేమో, మాకు ఉండదు. మూడు రోజులు కొబ్బరినూనె రాసుకుని కాలేజీలో కాళ్ళు ఎడంగా వేస్తూ పాఠం చెప్పాను. ఇవన్నీ రాయడం అవసరమా అని ఒక క్షణం అనిపించింది. అవసరమే. మనం ఒరుసుకుపోవడం గురించి ఎవరికీ చెప్పం. చెప్పకపోతే ఆ కుట్టు అక్కడే ఉంటుంది.

బూట్ల సంగతి ఇంకా ఘోరం. కొలతకి దొరకలేదు కాబట్టి మా అబ్బాయి వానాకాలపు బూట్లు వేసుకెళ్ళాను. అడుగు వెడల్పు, మందంగా గాట్లు, మడమ ఎత్తు లేదు. స్వారీ బూటుకి చిన్న మడమ ఉండేది సోకు కోసం కాదు, పాదం రికాబులోంచి ముందుకి దూసుకుపోకుండా ఆపడానికి. రికాబు బూటు కంటే రెండువైపులా కొంచెం వెడల్పుండాలి, పడిపోతే కాలు వెంటనే ఊడిరావడానికి. నా అబ్బాయి బూటు ఆ ఇనుములో బిరడాలా బిగుసుకుపోయింది. ఆవేళ గాలికి ఒక ప్లాస్టిక్ కవరు ఎగిరి బాద్షా కాళ్ళ ముందు పడింది. అది పక్కకి గెంతింది. నేను సగం జారాను, కాలు మాత్రం రాలేదు. సైసు ఒక్క దూకులో కళ్ళెం పట్టుకోకపోతే ఇది రాయడానికి నేనుండేదాన్ని కాదేమో. పెద్దగా ఏం కాలేదు, చీలమండ బెణికింది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా కొలతకి బూటు చెయ్యకపోవడం అంటే నాకు అందం అక్కర్లేదనడం కాదు, నా ప్రాణం లెక్కలో లేదనడం.

తర్వాతే ఆ దుకాణానికి వెళ్ళింది. స్వారీ ప్యాంట్లు ఆడవాళ్ళకి 34 నడుం దగ్గర ఆగిపోయాయి. మగవాళ్ళకి 44 దాకా వరసగా మడతపెట్టి ఉన్నాయి. మగవాళ్ళ ప్యాంటు ప్రయత్నించాను. నడుం పట్టింది, తుంటి పట్టలేదు. తుంటి పట్టేది వేస్తే నడుం దగ్గర రెండు పిడికిళ్ళ ఖాళీ. వంగితే వెనక జారిపోతుంది, స్వారీ అంటే వంగడమే. ఆ చిన్న గదిలో, మూడు అద్దాల మధ్య, సగం ఎక్కిన ప్యాంటుతో నిలబడి, నా శరీరాన్ని తిట్టుకున్నాను. ప్యాంటుని కాదు! ఇన్నేళ్ళు స్త్రీవాదం చదివాను, పిల్లలకి చెప్పాను. అద్దం ముందు ఒక్కటీ పనికిరాలేదు. మూడు వారాలు స్వారీకి వెళ్ళలేదు.

ఆ మూడు వారాల్లో కోపంతో చదివాను. ఈ ప్యాంటుకి ఇంగ్లీషులో ఉన్న పేరే మన జోధ్‌పూర్ నుంచి వెళ్ళింది. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవాలకి సర్ ప్రతాప్ సింగ్ ఇంగ్లండ్ వెళ్ళినప్పుడు ఆయన బృందం వేసుకున్న ప్యాంట్లు చూసి అక్కడివాళ్ళు ముచ్చటపడ్డారట. పాత ఫొటోల్లో చూడండి, మోకాలి కింద బిగుతు, తొడల దగ్గర బుడగలా వదులు. సాగే బట్ట లేని కాలం కాబట్టి కాలు కదలడానికి గుడ్డే చోటివ్వాలి. తొడకి చోటివ్వడం ఆ దుస్తు పుట్టుకలోనే ఉంది! సాగే బట్ట వచ్చాక ఆ చోటు మాయమైంది. యూరప్‌లో అప్పటి ఆడవాళ్ళ గొడవ వేరు. పొడుగు గౌన్లతో, రెండు కాళ్ళూ ఒకవైపే వేసి కూర్చోవాలి. ఒలింపిక్స్ స్వారీ పోటీల్లోకి ఆడవాళ్ళని 1952లో హెల్సింకీలో మొదటిసారి రానిచ్చారు, అదీ డ్రెస్సాజ్‌లోనే. ఆ ఏడాదే డెన్మార్క్ నుంచి లిస్ హార్టెల్ వెండి పతకం గెలిచింది. పోలియో వల్ల ఆమెకి మోకాళ్ళ కింద పట్టు లేదు. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ ఇంకొకరు సాయం పట్టాలి. గుర్రం మీద ఎలాంటి శరీరం ఉండాలో నిర్ణయించేసినవాళ్ళకి ఆమె ఫొటో చూపించాలనిపిస్తుంది నాకు.

ఇక సైజుల కథ. 1939, 40లలో అమెరికా వ్యవసాయ శాఖ రెడీమేడ్ బట్టల కోసం సుమారు 15 వేల మంది స్త్రీలని కొలిపించింది. లెక్కలోకి తీసుకున్నది తెల్లజాతి స్త్రీల కొలతలనే. దాని ఆధారంగా 1958లో ఒక ప్రమాణం తయారుచేశారు, 1983లో దాన్ని ఎత్తేశారు. ఆ తర్వాత ఎవరి అంకెలు వాళ్ళవి. అంటే ఆ దుకాణంలో నన్ను ఏడిపించిన అంకెకి కుదురైన తల్లీతండ్రీ కూడా లేరన్నమాట!

మా అమ్మకి సైజు లేదు. మా అమ్మమ్మకీ లేదు. వాళ్ళకి ఉన్నది ఆది జాకెట్టు. ఏ ఊరెళ్ళినా ఆది జాకెట్టు పట్టుకెళ్ళి, "దీనికంటే అరంగుళం వదులు పెట్టు" అంటే చాలు. ఒళ్ళు పెరిగితే లోపల దాచిన కుట్టు విప్పేవాళ్ళు. ఒళ్ళు వచ్చినందుకు అమ్మ బాధపడి ఉండొచ్చు కానీ, జాకెట్టు ముందు ఎప్పుడూ తలవంచుకోలేదు.

అది గుర్తొచ్చాకే మా వీధి టైలరమ్మ దగ్గరికెళ్ళాను. ఆమెకి గుర్రం గురించి ఏమీ తెలీదు. కుర్చీని తిప్పివేసి, కాళ్ళు అటూ ఇటూ వేసి కూర్చోమంది. అలాగే కొలిచింది. "నిలబడితే ఒక కొలత, కూర్చుంటే ఒక కొలత కదక్కా, మరి మీరు కూర్చునేదానికే కదా కుట్టేది" అంది. అంత పెద్ద కంపెనీలకి తట్టింది ఈమెకి ఒక్క నిమిషంలో తట్టింది అని రాయబోయాను కానీ అది అబద్ధం, వాళ్ళకీ తెలుసు, నా సైజు దాకా రారు, అంతే. లోపలి కుట్టు తీసేసి, సల్వారుకి గజ్జల దగ్గర వేసే మియానీ ముక్కని మోకాలిదాకా పొడిగించింది. కుట్టులన్నీ తొడ ముందుకీ వెనక్కీ పోయాయి. చూడీదార్‌లా గుడ్డని ఏటవాలుగా క్రాస్ కత్తిరించింది, అలా కత్తిరిస్తే మామూలు గుడ్డ కూడా కొంచెం సాగుతుంది. నడుం వెనక ఎత్తు, ముందు తక్కువ. మొదటిది పాడైంది. రెండోది మోకాలి దగ్గర ముడతలు పడి కరిచింది. మూడోది కుదిరింది. గుడ్డతో కలిపి 2,100 రూపాయలు.

బూట్లకి ఇంకా తిరగాల్సొచ్చింది. బ్రిటన్‌లో, అమెరికాలో లావు పిక్కలకి వేరే వరసలున్నాయి, కొలతలు పంపితే చేసిచ్చేవాళ్ళూ ఉన్నారు. గుర్రపు జీన్లూ తోలు సామానూ మన కాన్పూర్ నుంచే ఆ దేశాలకి ఎగుమతి అవుతాయి. మనది అక్కడికి వెళ్ళి, మళ్ళీ పెట్టెలో మన దగ్గరికి రావాలంటే ఖరీదు నా జీతానికి అందలేదు. చివరికి పాతబస్తీ దగ్గర బూట్లు కుట్టే ఒక పెద్దాయన దొరికాడు. మోకాలిదాకా బూటు వద్దన్నాడు. చీలమండ దాకా మడమ ఉన్న బూటు, దాని పైన పిక్కకి చుట్టే విడి తోలు తొడుగు, వెనక సాగే పట్టీ. కాయితం మీద నా పాదం గీసుకుని, మోకాలు మడిచి కూర్చోబెట్టి పిక్క కొలిచాడు. 46 అని రాసుకున్నాడు, మళ్ళీ చుట్టి చూడలేదు. నా పాదం ఆయన చేతిలో ఉన్నప్పుడు మా అమ్మమ్మ ఇంటి అరుగు గుర్తొచ్చింది. తోలుపని చేసేవాళ్ళు ఆ అరుగు ఎక్కేవాళ్ళు కాదు, చెప్పులు దూరం నుంచి విసిరేవాళ్ళు. పెళ్ళిలో గుర్రమెక్కినందుకు దళిత పెళ్ళికొడుకుల్ని కొట్టారన్న వార్తలు రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్‌ల నుంచి ఇప్పటికీ వింటూనే ఉన్నాం. గుర్రం మీద ఎవరు కూర్చోవాలన్న తగాదాలో నా పిక్కది చాలా చిన్న వాటా. ఆ మాట ఆయనతో అనలేకపోయాను. "తోలు దిగుతుందమ్మా. వేలెడు ఎత్తు పెట్టాను, మొదట మోకాలి వెనక కరుస్తుంది, ఓర్చుకో" అన్నాడు. రెండు నెలలు కరిచింది. ఇప్పుడు సరిగ్గా దిగింది. రికాబులు అరంగుళం వెడల్పువి వేరేగా కొనుక్కున్నాను. ఛాతీకి కట్టే రక్షణ కవచం సంగతి ఇంకోసారి రాస్తాను, దానికి ఒక వ్యాసం చాలదు.

మొన్న ఒక అమ్మాయి చేరింది. 19 ఏళ్ళుంటాయి, నాకంటే పొడుగు, నాకంటే లావు. మాస్టారు లెక్క వేసి ఆ అమ్మాయికి అన్నిటికంటే పెద్ద గుర్రాన్నే ఇచ్చారు. మూడో వారానికి కాళ్ళు ఎడంగా వేసి నడుస్తోంది. నేనేమీ అడగలేదు. "ఆంటీ, మీ ప్యాంటు ఎక్కడ కొన్నారు?" అని తనే అడిగింది. కొనలేదని చెప్పి, టైలరమ్మ ఇంటి గుర్తులు చెప్పి, ఉతికినదొకటి ఆదికి ఇచ్చాను. పట్టుకెళ్ళి మూడు వారాలైంది, ఇంకా తిరిగివ్వలేదు. రెండోది ఉతికి ఆరక, ఈ ఆదివారం మళ్ళీ పాత లెగ్గింగ్స్‌తోనే ఎక్కాను.